కనబడలేదు

గుంటూరులో ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరరు గారి ఇల్లు. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. హాల్లో టేబుల్ మీద పాత ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. 2007లో కొడుకు డాలస్‌లో కొనుక్కున్నది. తనకు కొత్తది వచ్చాక దీన్ని తండ్రికి తెచ్చి ఇచ్చాడు. ఆయన ఏళ్ళ తరబడి రాసుకున్న వ్యాసాలన్నీ ఇందులోనే ఉన్నాయి, అను ఫాంట్లలో. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అవే ఫైళ్ళు తెరిస్తే తెలుగుకు బదులు ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకే ఎవరెంత చెప్పినా ఆయన దీన్ని వదల్లేదు. కిందటిసారి వచ్చినప్పుడు కొడుకు ఎక్స్‌పీ పక్కనే లినక్స్ కూడా వేసి, ఇంటర్నెట్‌కి మాత్రం దాన్నే వాడమని చెప్పి వెళ్ళాడు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆపేసింది మరి.

ఇప్పుడు ఇంట్లోకి కొత్త రౌటర్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం వైఫై పేర్లు కనబడాల్సిన చోట ఖాళీగా ఉంది. ఆయన కొడుక్కి ఫోన్ చేశారు.

"వైఫై లేదంటోందిరా."

"నీ ఫోన్‌కి వస్తోందా నాన్నా?"

"వస్తోంది. దాంట్లోనే కదా నీతో మాట్లాడుతున్నాను."

"అయితే లేకపోవడం కాదు. దానికి కనబడట్లేదంతే."

కొడుకు యథాలాపంగా అన్న ఆ మాట వెనక పదిహేను వందల ఏళ్ళు దాటిన చర్చ ఉంది. ఒక వస్తువు కనబడలేదు. అంతమాత్రాన అది లేదని చెప్పవచ్చా? చెప్పవచ్చంటే, ఎప్పుడు చెప్పవచ్చు? దేవుడు, ఆత్మ, పరలోకం, కర్మఫలం గురించి ఈ దేశంలో జరిగిన వాదాలు ఎన్నో తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చాయి.

తెలుగులో ఈ చిక్కు మాటలోనే ఉంది. ‘కనబడలేదు’ను విడదీస్తే చివర మిగిలేది ‘లేదు’. రాలేదు, వినలేదు, దొరకలేదు. జరగని పనికీ, అసలు లేని వస్తువుకూ మనకు ఒకటే మాట. బీరువాలో తాళంచెవి కోసం వెతికి, తల పైకెత్తి "లేదు" అంటాం. నిజానికి అప్పటికి మనకు తెలిసింది కనబడలేదన్న సంగతి ఒక్కటే. ‘కనబడలేదు’ నుంచి ‘లేదు’కు వేసిన అడుగు ఎంత పెద్దదో ఆ క్షణాన ఎవరికీ తట్టదు. ఇంట్లో ఇంకెవరో వచ్చి అదే అరలోంచి తాళంచెవి తీసి చేతిలో పెట్టినప్పుడు తడుతుంది.

ఈ అడుగును నిలబెట్టి ప్రశ్నించిన వాళ్ళలో ఒక వైద్యుడు ఉండడం విశేషం. చరకసంహిత సూత్రస్థానం పదకొండో అధ్యాయంలో మనిషికి ఉండే మూడు కోరికల ప్రస్తావన వస్తుంది. బతకాలని, సంపాదించాలని, పోయాక మంచి గతి కలగాలని. మూడోదాని దగ్గరికి రాగానే సందేహం లేస్తుంది. పరలోకాన్ని చూసినవాడెవడు? కంటికి కనబడేదే ఉంది, కనబడనిది లేదు అనేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. వాళ్ళకు చరకుడు చెప్పే జవాబులో శాస్త్రాలకన్నా ముందు వచ్చేది మామూలు అనుభవం. మనకు కనబడేది చాలా కొంచెం, కనబడనిదే ఎక్కువ అంటాడు. అంతటితో ఆగక, ఏ ఇంద్రియాలతో మనం లోకాన్ని చూస్తున్నామో ఆ ఇంద్రియాలే మనకు ప్రత్యక్షం కావంటాడు. రోజూ రోగుల కళ్ళూ చెవులూ పరీక్షించే మనిషికే తోచే మాట ఇది.

ఆ వెంటనే ఒక జాబితా ఇస్తాడు, ఉన్నదే కనబడకపోవడానికి కారణాలివీ అని. ఇలాంటిదే పతంజలి మహాభాష్యంలోనూ ఉంది. అక్కడ ఆరు కారణాలు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో ఏడో కారిక మొత్తం ఇదే, అక్కడ ఎనిమిది. ఆ ఎనిమిదీ ఇవి: మరీ దూరం, మరీ దగ్గర, ఇంద్రియం దెబ్బతినడం, మనసు అక్కడ లేకపోవడం, వస్తువు సూక్ష్మం కావడం, మధ్యలో అడ్డు, ఇంకోటి దాన్ని మించిపోవడం, తనలాంటి వాటిలో కలిసిపోవడం.

గుంటూరులో ఆ మధ్యాహ్నం తండ్రీకొడుకులు ఫోన్‌లో చేసిన పని చూస్తే, ఈశ్వరకృష్ణుణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నట్టే ఉంటుంది.

ముందు ఇంద్రియం. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ముందు అంచునో పక్కనో గోరంత స్విచ్ ఉండేది. దాన్ని పక్కకు జరిపితే వైఫై కార్డు మూగబోతుంది. సంచిలోకి తోసేటప్పుడు గుడ్డ తగిలినా జరిగిపోతుంది. లినక్స్‌లో ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ అని కొడితే ఈ సంగతి తేలిపోతుంది. ‘సాఫ్ట్ బ్లాక్డ్: నో’, దాని కింద ‘హార్డ్ బ్లాక్డ్: యస్’ అని వస్తే, తెర మీద ఎన్ని నొక్కినా లాభం లేదు, వేలితో స్విచ్‌ను జరపాల్సిందే. లెక్చరరు గారు కళ్ళజోడు సర్దుకుని, ల్యాప్‌టాప్‌ను ఎత్తి అంచు మీద తడిమారు. స్విచ్ దొరికింది. టక్కున జరిగింది. చిన్న పచ్చదీపం వెలిగింది.

తరవాత మనసు. కార్డు బాగానే ఉన్నా దాన్ని నడిపే డ్రైవరూ, కార్డులోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేరూ లేకపోతే అంతే సంగతులు. కళ్ళు తెరిచే ఉంటాయి, చూసే మనసు మాత్రం అక్కడ ఉండదు. 2007 నాటి కార్డులు కొన్నింటికి లినక్స్‌లో ఫర్మ్‌వేర్ వేరే తెచ్చి పెట్టాలి. అదృష్టం, ఆ పని కొడుకు వెళ్ళేముందే చేసిపెట్టాడు.

అడ్డూ దూరమూ అందరికీ తెలిసినవే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండు సెంటీమీటర్లు. ఇటుక గోడను కొంత నష్టంతో దాటుతుంది, ఇనుప చువ్వలున్న స్లాబు దగ్గర బాగా నీరసిస్తుంది. ఇక మరీ దగ్గర అనేదానికి సాంఖ్యవ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ కంటి కాటుక. కంటికి అంటుకునే ఉంటుంది, ఆ కంటికే కనబడదు. యంత్రాల్లో దీనికి దగ్గరి బంధువు ఉంది. యూఎస్‌బీ 3.0 తీగలూ సాకెట్లూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ ఒక పత్రంలో వివరించింది. వైఫై డాంగిల్‌ను హార్డ్ డిస్క్ పక్క సాకెట్లోనే గుచ్చితే, పక్కింటి మాట వినబడక ముందే ఒంట్లో రొదే చెవిని నింపేస్తుంది.

మించిపోవడం గురించి వ్యాఖ్యాతల ఉదాహరణ పగటి నక్షత్రాలు. సూర్యుడి వెలుగులో అవి కనబడవు, అంతమాత్రాన ఆకాశంలోంచి ఎక్కడికీ పోలేదు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే వైఫై వీధిలోనే. దాని తలుపు సందుల్లోంచి జారే కాస్త శక్తి కూడా పక్కనున్న రౌటర్ గొంతును ముంచేయగలదు. ఇది ఇళ్ళకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపులో ఏళ్ళ తరబడి అంతుచిక్కని రేడియో మెరుపులు కొన్ని నమోదవుతూ వచ్చాయి. అవి ఆవరణలోని మైక్రోవేవ్ ఓవెన్లవేనని, వంట పూర్తి కాకముందే ఎవరో తలుపు తెరిచినప్పుడు వెలువడుతున్నాయని 2015లో తేలింది.

అలా ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాక తెర మీద పేర్లు మొలిచాయి. ఒకటి, రెండు, అయిదు, ఏడు. పక్కింటివాళ్ళది, ఎదురు అపార్ట్‌మెంట్‌వి, కింద మందుల షాపుది. సొంత ఇంటి పేరు మాత్రం అందులో లేదు.

ఇక్కడే అసలు చిక్కు. ఇందాక ల్యాప్‌టాప్ ‘ఏమీ లేదు’ అన్నప్పుడు దాని మాటను అనుమానించడం తేలిక, చూసే కన్నే మూసుకుని ఉంది కాబట్టి. ఇప్పుడు కన్ను తెరుచుకుంది. వీధి అవతలి ఇంటి వైఫై కూడా చూపిస్తోంది. అంత బాగా చూస్తున్నది ‘మీ ఇంటిది లేదు’ అంటే నమ్మొద్దా? రౌటర్ పది అడుగుల దూరంలో, కళ్ళెదురుగా దీపాలు మినుకుమంటూ ఉంది. మనవరాలు మేడ మీద గదిలో ఫోన్‌లో సినిమా చూస్తోంది.

పెసల రాశిలో పెసరగింజ వేస్తే అది కనబడుతూనే కనబడదంటారు వ్యాఖ్యాతలు. ఒకే చానల్లో పది రౌటర్లు మాట్లాడితే జరిగేదీ అదే. 2.4 గిగాహెర్ట్జ్‌లో చానళ్ళు అయిదేసి మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, ఒక్కో సిగ్నల్ వెడల్పు మాత్రం ఇరవై వరకూ ఉంటుంది. పక్కపక్క చానళ్ళు ఒకదాని మీద ఒకటి పడక తప్పదు. కొడుకు ముందు ఇదే అనుకున్నాడు. ఫోన్‌లో రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి చానల్ నంబరు చదవమన్నాడు.

"పదమూడు."

అవతల ఒక క్షణం మౌనం. "నాన్నా, అది అమెరికాలో కొన్న ల్యాప్‌టాప్."

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి పదమూడు చానళ్ళు వాడుకోవచ్చు. అమెరికా మార్కెట్ కోసం తయారైన కార్డులు మామూలుగా పదకొండు దాకానే వింటాయి. కొత్త రౌటర్ రద్దీ లేని చోటు వెతుక్కుని తనంతట తాను పదమూడుకు చేరింది. అక్కడ కూర్చుని సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు చెబుతూనే ఉంది. పది అడుగుల దూరంలో ఉన్న యంత్రానికి ఆ చానల్ ఒకటుందని కూడా తెలియదు. దూరం కాదు, అడ్డు కాదు, ఇంద్రియదోషమూ కాదు. ఎనిమిదిలో దేంట్లోనూ ఇది సరిగ్గా ఇమడదు. ఆ చెవి ఇంతవరకే వినేట్టు తయారైంది. అవతల ఇంకా ఉందన్న ఎరుక దానికి లేదు.

దీన్ని పట్టుకోగల మాట మన తార్కికుల దగ్గర ఉంది, యోగ్యత. ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు అభావాన్ని తెలుసుకోవడానికి ఒక ప్రత్యేక ప్రమాణం ఉందన్నాడు. దాన్నే అనుపలబ్ధి అంటారు. కుండ లేదని కన్నెలా చూస్తుంది? కన్ను చూసేది ఖాళీ నేలనే. కుండ కనబడకపోవడమే కుండ లేదనే జ్ఞానానికి సాధనమని ఆయన వాదన. మరో మీమాంసకుడు ప్రభాకరుడి శిష్యులు దీన్ని ఒప్పుకోలేదు, ఖాళీ నేల తప్ప అభావమనే వేరే పదార్థమే లేదన్నారు. నైయాయికులు అభావం ఉందన్నారు గానీ అది ప్రత్యక్షానికే అందుతుందన్నారు. ఇంత కొట్లాటలోనూ ఒక షరతు దగ్గర చాలామంది కలిశారు. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేది అని చెప్పగలిగినప్పుడే, కనబడకపోవడానికి విలువ. యోగ్యత అంటే ఇదే. దీపం ఉన్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. పదిహేడో శతాబ్దంలో ధర్మరాజాధ్వరీంద్రుడు వేదాంతపరిభాషలో ఈ షరతును జాగ్రత్తగా కట్టుదిట్టం చేశాడు. పాపపుణ్యాలు కంటికి కనబడేవి కావు కాబట్టి, కనబడలేదన్న కారణంతో వాటిని లేవనడానికి వీల్లేదన్నాడు.

ఇది ఆస్తికుల వాదం మాత్రమే అనుకుంటే పొరపాటు. కుమారిలుడితో ఢీ అంటే ఢీ అన్న బౌద్ధుడు ధర్మకీర్తి కూడా ఇక్కడ అదే గీత గీశాడు. చూడదగిన వస్తువు కనబడకపోతే లేదని నిశ్చయించు. దేశం వల్లనో, కాలం వల్లనో, స్వభావం వల్లనో నీకు అందని వస్తువైతే నీకు మిగిలేది సందేహమే, నిశ్చయం కాదు. వేదం ప్రమాణమన్నవాడూ కాదన్నవాడూ ఒకే చోట నిలబడ్డ అరుదైన సందర్భం ఇది.

ఆ షరతును ఇరవయ్యో శతాబ్దంలో నిజాయితీగా పాటించిన వాళ్ళ కథ ఒకటి ఉంది. అది నేరుగా ఈ ల్యాప్‌టాప్‌లోకే వస్తుంది. 1974లో స్టీఫెన్ హాకింగ్ చిన్న చిన్న కృష్ణబిలాలు ఆవిరై, చివరికి పేలిపోతాయని ఊహించాడు. అలాంటి పేలుడు రేడియో మెరుపుగా భూమికి చేరవచ్చన్న ఆలోచన ఆ తరవాత వచ్చింది. ఆస్ట్రేలియా ఇంజనీరు జాన్ ఓసల్లివన్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి నెదర్లాండ్స్‌లోని డ్వింగలో టెలిస్కోపుతో ఆ మెరుపుల కోసం వెతికాడు. ఏమీ దొరకలేదు. 1978లో నేచర్ పత్రికలో ఫలితం ప్రకటించారు. ఆ వ్యాసం పేరులోనే ‘పరిమితులు’ అన్న మాట ఉంది. మెరుపులు లేవని వాళ్ళు రాయలేదు. మా పరికరానికి ఇంత బలం దాటిన మెరుపైతే దొరికి ఉండేది, అలాంటిది దొరకలేదు అన్నంతవరకే చెప్పే పద్ధతి అది. కుమారిలుడు ఆ వ్యాసం చదివితే తన షరతును వెంటనే గుర్తుపట్టేవాడు.

ఆకాశంలో చెదిరిపోయిన సన్నని సంకేతాన్ని తిరిగి పోగుచేసే గణితం మీద ఓసల్లివన్ అప్పట్లో చాలా పనిచేశాడు. 1990ల మొదట్లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌ఓలో ఆయన బృందానికి ఇంకో సమస్య ఎదురైంది. గదిలో రేడియో తరంగం గోడలకూ బీరువాలకూ తగిలి, ఒకే మాట పది ప్రతిధ్వనులుగా చెవికి చేరుతోంది. పాత గణితం ఇక్కడ అక్కరకొచ్చింది. 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. 1999లో 802.11ఏ, 2003లో 802.11జీ ప్రమాణాలు ఆ దారినే నడిచాయి. లెక్చరరు గారి ల్యాప్‌టాప్‌లో ఉన్నది జీ కార్డే.

యోగ్యత అనే ఈ కత్తికి రెండువైపులా పదునుంది. ఆ రెండో వైపును తెలుగునేల మీద ఝళిపించినవాళ్ళు గోరా దంపతులు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. గర్భిణి గ్రహణం వేళ బయటికొస్తే బిడ్డకు అవకరం వస్తుందన్నది ఊరూరా ఉన్న నమ్మకం. సరస్వతి గోరా తాను గర్భవతిగా ఉండగా గ్రహణం వేళ ఆ కట్టడిని కాదని బయటికొచ్చారు. తరవాత నాస్తిక కేంద్రం ఇతర గర్భిణులనూ గ్రహణం చూడటానికి పిలిచింది. వాళ్ళు ఎంచుకున్న విషయం ఎలాంటిదో గమనించాలి. బిడ్డ పెదవి చీలిందా లేదా అన్నది కంటికి కనబడే సంగతి. నమ్మకం నిజమైతే అవకరం కనబడి తీరాలి. కనబడలేదు. ఇక్కడ ‘కనబడలేదు’ నుంచి ‘లేదు’కు వేసిన అడుగు న్యాయమైనది, దీపమున్న గదిలో వేసిన అడుగు.

కనబడనివి ఎన్నో ఉన్నాయి కదా అనే మాటతో ఏదైనా అమ్మెయ్యాలని చూసేవాళ్ళు మన చుట్టూ తక్కువేం లేరు. తాయెత్తు కడితే జబ్బు నయమవుతుందని చెప్పినంతసేపూ మాట కంటికి కనబడే లోకంలోనే ఉంటుంది. జబ్బు నయం కాకపోతే వెంటనే అదృశ్యలోకంలోకి, పూర్వకర్మలోకి, నమ్మకం చాలలేదన్న నిందలోకి పారిపోతుంది. జబ్బు మనిషినీ అతని ఇంటివాళ్ళనూ రెండుసార్లు గాయపరిచే పని ఇది. ఎనిమిది కారణాల జాబితాను ఇలాంటి వాళ్ళకు అప్పగించడం చరకుడికి చేసే ద్రోహం. ఆయన మందు వేసినప్పుడు గుణం కనబడాలని కోరుకున్నవాడు.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. ఈ పనిముట్లు తయారుచేసినవాళ్ళు దేవుణ్ణి కాపాడడానికి వీటిని తయారు చెయ్యలేదు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యంలో సృష్టికర్తకు చోటు లేదు. ఆయనకు కావలసింది ప్రకృతి అనే మూలపదార్థం. అది కనబడకపోవడం అది లేక కాదు, సూక్ష్మం కావడం వల్ల, కార్యాలను బట్టి అది తెలుస్తుంది అన్నది ఆయన పక్షం. కుమారిలుడైతే సృష్టికర్తనూ సర్వజ్ఞుణ్ణీ గట్టిగా ఖండించాడు. ఏ పక్షం గెలిచినా సరే, ‘లేదు’ అనే మాటకు అర్హత సంపాదించాకే దాన్ని పలకాలన్నది వాళ్ళు పట్టుబట్టిన నియమం. దేవుడి గురించి నేడు టీవీల్లో జరిగే వాదాల్లో రెండు వైపులా కరువైనది సరిగ్గా ఇదే. ఏ దేవుడి గురించి మాట్లాడుతున్నాం? ఆ దేవుడు ఉంటే ఎక్కడ, ఎలా, ఎవరికి కనబడి ఉండేవాడు? ఈ రెండు ప్రశ్నలూ అడక్కుండా ‘ఉన్నాడు’ అన్నా ‘లేడు’ అన్నా, అది పదకొండో చానల్ దగ్గర ఆగిపోయిన చెవి ఇచ్చే తీర్పే.

కొడుకు చెప్పినట్టే తండ్రి రౌటర్‌ను ఆరో చానల్‌కు మార్చారు. నిమిషం గడిచింది. ఏడు పేర్ల కింద ఎనిమిదోది వచ్చింది, వాళ్ళ ఇంటి పేరుతోనే. పాస్‌వర్డ్ కొట్టారు, కలిసింది. ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటోంది. కారణం తెర మూలన ఉంది. మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయి, గడియారం వెనక్కి వెళ్ళి 2007 జనవరిలో ఆగింది.

పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావం నాలుగు రకాలన్నాడు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం, నశించాక లేకపోవడం ప్రధ్వంసాభావం, ఎప్పుడూ లేకపోవడం అత్యంతాభావం, ఒకటి ఇంకొకటి కాకపోవడం అన్యోన్యాభావం. కుండ బట్ట కాదు అన్నది చివరిదానికి ఉదాహరణ. ఇందాక ‘లేదు’ దగ్గర మనల్ని ఇరుకున పెట్టిన తెలుగు ఇక్కడ చక్కగా సాయపడుతుంది. మొదటి మూడింటికీ మనం వాడేది ‘లేదు’, ఇంకా లేదు, ఇక లేదు, ఎప్పుడూ లేదు. నాలుగోదానికి మాత్రం ‘కాదు’. సంస్కృతంలో రెంటికీ ‘న’ ఒక్కటే. బడిపిల్లలకు తర్కం చెప్పాల్సి వస్తే తెలుగులో ఇక్కణ్ణించి మొదలుపెట్టవచ్చు. ఆ ల్యాప్‌టాప్ సైటుకు ఇచ్చిన జవాబు అచ్చంగా ప్రాగభావం. అది బతుకుతున్న 2007లో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు.

తేదీ సరిచేశాక పేజీలు తెరుచుకున్నాయి. లెక్చరరు గారు ముందుగా తన వ్యాసాల ఫోల్డరును కొడుక్కి మెయిల్ చేశారు. పెద్ద ఫైళ్ళు, పాత కార్డు, నెమ్మదిగా వెళుతున్నాయి. అన్నీ వెళ్ళాయన్న మాట అవతలి నుంచి విన్నాక ఫోన్ పెట్టేసి, ల్యాప్‌టాప్ ముందు అంచు మీద స్విచ్‌ను మళ్ళీ తడిమి, వేలితో పక్కకు నెట్టారు. పచ్చదీపం ఆరింది. తెర మీద ఎనిమిది పేర్లూ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆయన తల పైకెత్తి విన్నారు. మేడ మీద గదిలో మనవరాలి ఫోన్‌లో సినిమా పాట ఎక్కడా ఆగకుండా సాగుతోంది.